ఒక సెంటు పెరటితోట

మన సంఘ సభ్యులలో పలువురు నేడు పొలము ఒకచోటను, కాపురము మఱియొకచోటను గలవారు. పిల్లల చదువుల నిమిత్తమో, ఉద్యోగముల నిమిత్తమో పల్లె విడిచి, గుంటూరు వంటి పట్టణముల శివారులలో మూడు నాలుగు సెంట్ల స్థలము కొని ఇండ్లు కట్టుకొనుచున్నారు. పొలము కౌలుకు పోవుచున్నది. బియ్యము, కందులు, మిరపకాయలు పల్లెనుండి వచ్చుచున్నవి గాని, అచ్చట దడిమీద కాచెడి చిక్కుడుకాయయు, దొడ్డిలో మొలచెడి తోటకూరయు మాత్రము వెంట రాలేదు. ఎకరముల కొలది పైరు పెట్టిన చేతులే నేడు అంగడిలో కొత్తిమీర కట్టకు బేరమాడుచున్నవి.

ఈ సంగతి మాకు బోధపఱచినది ఒక సభ్యుని తల్లిగారు. మిరప తెగులును గూర్చి మాటలాడుటకై మేము వారి శివారు ఇంటికి పోయియుంటిమి. ఆమె మా మాటలన్నియు విని, కడకు, "బాబూ, పొలం సంగతి మీరు ఎన్నో చెప్పారు. నెలాఖరు వచ్చేసరికి మా ఇంట్లో కూర ఉండదు, పచ్చడి మెతుకులే. చిన్నది సందెవేళ గడప కనపడక తట్టుకు పడుతున్నది. ఇంటి వెనక ఇంత జాగా ఊరకే పడి ఉంది. దీని సంగతి ఎప్పుడైనా చెప్పారా? మీ పెరట్లో ఏమి వేశారు?" అని అడిగెను.

మా పెరటిలో ఏమియు లేదు. బట్టలారవేయు తీగయు, పాత ఇటుకలును గలవు. ఆ మాట చెప్పుటకు మాకు సిగ్గు కలిగినది. పిల్లను ముందు వైద్యునికి చూపుడని చెప్పి వచ్చితిమి. వైద్యుడు రేచీకటి యని నిర్ణయించి మందిచ్చెను. ఇక మీదట ఆకుకూరలు విడువక పెట్టవలయునని కూడ చెప్పెను. ఆ మృగశిర కార్తెలోనే వారి పెరటిలోను మా పెరటిలోను ఒక్కసారిగా పని ప్రారంభించితిమి. రెండుచోట్లను చేసిన తప్పులును, నేర్చినదియు ఈ క్రింద వ్రాయుచున్నాము.

ఎంత కూర కావలయును?

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు మనిషికి దినమునకు కూరగాయలు, పండ్లు కలిసి 400 గ్రాములకు తగ్గరాదని చెప్పుచున్నారు. నలుగురున్న ఇంటికి దినమునకు 1,600 గ్రాములు. నెలకు 48 కిలోలు. ఒక సెంటు భూమి ఇదంతయు ఇచ్చునని మేము చెప్పజాలము. చెప్పినయెడల అది మోసమగును. కాని ఇంటికి కావలసిన ఆకుకూర అంతయు, పచ్చిమిర్చి, కరివేపాకు, తక్కిన కూరలలో కొంత భాగమును అది తప్పక ఇయ్యగలదు. కొనునప్పుడు మొదట మానివేయునది ఆకుకూరయే. శరీరమునకు అత్యవసరమైనదియు అదియే. ఆకుకూరలలోని కెరోటిను దేహములో విటమిను ఏ గా మారును. అది లేనిచోట రేచీకటి పుట్టును. కావున పెరటితోటకు ఆకుకూర ప్రాణమని గుర్తుంచుకొనవలయును.

స్థలమును కొలుచుట

సెంటు అనగా ఎకరములో నూఱవ వంతు, 48 గజములకు కొంచెము పైన. 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల పెరడు దాదాపు ఒక సెంటు. విత్తుటకు ముందు ఒక దినము ప్రొద్దున, మధ్యాహ్నము, సాయంకాలము మూడుసార్లు పెరటిలో నిలిచి, ఎండ ఎచ్చట పడుచున్నదో, గోడల నీడ ఎచ్చటికి వచ్చుచున్నదో చూడవలయును. కాయకూరలకు దినమునకు ఆరు గంటల ఎండ కావలయును. నాలుగు గంటలే పడుచోట ఆకుకూరలు వేసికొనవచ్చును. అంతకంటె తక్కువ యైనచోట చేమ, పుదీన తప్ప మఱియొకటి నాటుట వృథాశ్రమ.

మన ప్రాంతమున మే నెల మొదలు ఆగస్టు మొదటి వారము వరకు తప్ప, తక్కిన కాలమంతయు మధ్యాహ్న సూర్యుడు దక్షిణమునకు ఒరిగియుండును. కావున పందిరి, మునగ, అరటి మున్నగు ఎత్తైనవానిని ఉత్తరపు అంచున ఉంచినచో వాని నీడ మడులమీద పడదు. మేము తూర్పు పడమరలుగా 24 అడుగులున్న పెరటిని ఈ విధముగా విభజించితిమి. ఉత్తరపు గోడవెంట మూడడుగుల పట్టీ. దానిలో 20 అడుగులు పాదులకు, 4 అడుగులు ఎరువుకుప్పకు. తరువాత అడుగున్నర నడకదారి. దానికి దక్షిణమున మూడడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల మడులు ఆరు; మడికి మడికి నడుమ అడుగు దారి. దక్షిణపు అంచున నీటి కాలువకు అడుగున్నర. మడి మూడడుగులకు మించకూడదు. ఏలయన, ఇరుప్రక్కల దారిలో కూర్చుండి చేయి చాచినచో నడిమి మొక్క అందవలయును. మడిలో కాలు పెట్టిన నేల గట్టిపడును.

నేల

శివారు స్థలములలో నేల మన పొలములవంటి నేల కాదు. పల్లపు చేలను ఎఱ్ఱ గ్రావెలుతో మెరక చేసి స్థలములుగా అమ్ముదురు. ఇల్లు కట్టిన పిమ్మట సిమెంటు, సున్నము, ఇటుక ముక్కలు వెనుకనే పాతిపెట్టి పోవుదురు. మా పెరటిలో మొదటి మడి త్రవ్వినప్పుడు మన్నుకంటె ఇటుకలే ఎక్కువగా వచ్చినవి. సిమెంటు పాలు దిగినచోట మొక్కలు లేతగా పసుపుపాఱి ఎదుగుట మానును. ఎరువెంత వేసినను ప్రయోజనముండదు. అడుగు లోతున ఆ చెత్తనంతయు ఏరి పాఱవేయవలయును. మా ఇంట ఒక్కొక్క మడికి ఒక్కొక్క ఆదివారము పట్టినది.

తరువాత అడుగు లోతు గుంట త్రవ్వి నీరు నింపి, అది ఇంకిన పిదప మరల నింపవలయును. రెండవసారి పోసిన నీరు మఱునాటి ఉదయమునకును నిలిచియున్నచో అచ్చట వేళ్లు కుళ్లును. అట్టిచోట మడులను నేలమట్టమునకు ముప్పావు అడుగు ఎత్తు చేయవలెను. నల్లరేగడి యైనచో ఇసుక కంటె చివికిన ఎరువు మేలు చేయును. గ్రావెలు నేలకు చెఱువుమన్ను గాని, పొలము మన్ను గాని సగపాలు కలుపవలయును. వానకాలమున ఎత్తు మడులు, వేసవిలో దారికంటె పల్లపు మడులు ఉండవలెను. ఈ మార్పునకు పార ఒక్కటి చాలును, ఖర్చు లేదు.

మరుగుదొడ్డి గుంట దాపున ఆకుకూరలును, దుంపలును ఎన్నడును వేయరాదు. అచ్చట పూలమొక్కలు పెంచుకొనుడు.

ఎరువు

పశువులు లేని ఇంట ఎరువెట్లు వచ్చునని అడుగుదురు. వంటయింటి తొక్కలు, రాలిన ఆకులు, కలుపు, కొబ్బరి పీచు ఇవియే ఎరువు. ఆల్బర్టు హోవర్డు ఇందోరులో 1924 మొదలు 1931 వరకు పనిచేసి, చెత్తనుండి ఎరువు చేయు పద్ధతిని కుదిర్చి 1931లో గ్రంథముగా ప్రకటించెను. దాని మూలము మన పెంటకుప్పయే. పొరలు పొరలుగా పేర్చుట, తడి చూచుట, తిరుగవేయుట అను మూడు క్రమములు దానికి చేరినవి.

మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున కఱ్ఱలు పాతి దడి కట్టవలయును. అడుగున ఎండుపుల్లలు, పైన జానెడు మందము ఎండుటాకులు, దానిమీద నాలుగు వ్రేళ్ల మందము పచ్చిచెత్త, దానిమీద పలుచగా మన్ను, పేడనీళ్లు. ఇట్లు మూడడుగుల ఎత్తు వచ్చువఱకు పేర్చవలయును. పిడికిట పట్టి పిండిన చేయి తడి కావలెను గాని నీరు కారరాదు. పదునైదు దినములకొకసారియు, నెలకొకసారియు తిరుగవేసినచో మూడు నెలలకు నల్లగా, తొలకరి మంటివాసన గల ఎరువగును. దుర్వాసన వచ్చెనా, తడి ఎక్కువైనదని తెలిసికొని ఎండుటాకు కలుపుడు. వండిన అన్నము, మాంసము అందులో వేయరాదు, ఎలుకలు వచ్చును. మడికి విత్తుటకు ముందు రెండు తట్టల ఎరువు వేసి కలిపిన చాలును. మొదటి మూడు నెలలకు మాత్రము చివికిన పశువుల ఎరువు కొనక తప్పదు.

నీరు

ఆరు మడులు కలిసి 216 చదరపు అడుగులు, అనగా 20 చదరపు మీటర్లు. చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు నీరు నిలిపినచో అది ఒక లీటరు. వేసవి దినమున ఆరు మిల్లీమీటర్లు కావలయునని లెక్కించినచో 120 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు ఎనిమిది. చలికాలమున అందులో సగము చాలును. నలుగురు స్నానము చేయు ఇంట ఇంతకంటె ఎక్కువ నీరే కాలువలోనికి పోవుచున్నది.

అయినను అన్ని నీళ్లును ఒక్కటి కాదు. మేము మొదటి ఏట బట్టలుతికిన సబ్బుపొడి నీటిని గోంగూర మడికి మళ్లించితిమి. రెండు నెలలలో నల్లనేల పైన అట్ట కట్టినది. నీరు ఇంకుట మానినది. ఆకు అంచులు మాడినవి. ఆ పొడిలోని సోడియము రేగడి కణములను విడదీసి నేలను బిగియజేయును. పొలమున చవుడు పుట్టుటకు కారణమైనదియు ఇదియే. ఇరువది ఏండ్లుగా చవుటి నేలలను గూర్చి రైతులకు చెప్పిన మేము మా ఇంటనే చవుడు చేసికొంటిమి. కావున బియ్యము, కూరలు కడిగిన నీరు మడులకును, స్నానపు నీరు అరటికిని, చేమకును, సబ్బుపొడి నీరు కాలువకును పోవలయును. స్నానపు నీటిని ఆకులమీద పోయరాదు, మొదట పోయవలయును. ఎచ్చటను నీరు నిలువరాదు. నిలిచినచో దోమలు పుట్టును.

ఏ మడిలో ఏమి?

క్రొత్తవారు చేయు పెద్ద తప్పు అన్ని మడులును ఒకే దినమున విత్తుట. మేమును అట్లే చేసితిమి. నాలుగవ వారమున తోటకూర కట్టలు కట్టలుగా వచ్చి ఇరుగుపొరుగులకు పంచితిమి. ఆఱవ వారమున మరల అంగడికే పోయితిమి. తోటకూర 25 దినములు మొదలు 30 దినములలో కోతకు వచ్చును. కావున మొదటి మడిని నాలుగేసి అడుగుల మూడు భాగములు చేసి, పది దినములకొక భాగము చొప్పున విత్తవలయును. అప్పుడు ఒకటి కోయుచుండగా ఒకటి పెరుగుచు, ఒకటి మొలచుచు నుండును. విత్తనము మిక్కిలి సన్నము గనుక రెండు చిటికెలకు పదింతల ఇసుక కలిపి చల్లవలెను.

రెండవ మడిలో మృగశిరలో గోంగూర విత్తి, పీకక చిగుళ్లు కోయుచుండవలయును. స్వాతి, విశాఖ కార్తెలలో దానిని తీసి మెంతి, పాలకూర, కొత్తిమీర వేయవలయును. మూడవ మడిలో రెండడుగుల ఎడమున రెండు వరుసల వంగ, పండ్రెండు మొక్కలు. నాలుగవ మడిలో అడుగున కొకటి చొప్పున రెండు వరుసల బెండ, ఇరువది నాలుగు మొక్కలు. బెండ విత్తిన 45 దినములకు కాయ నిచ్చును. దినము విడిచి దినము కోయకున్నచో ముదిరి, క్రొత్త పిందె రాదు. అయిదవ మడిలో వానకాలమున గోరుచిక్కుడు, చలికాలమున టమోటా. ఆఱవ మడిలో పచ్చిమిరప ఎనిమిది మొక్కలు, వాని నడుమ ఉల్లి, ముల్లంగి.

వంగ, టమోటా, మిరప ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకదాని తెగులు మఱియొకదానికి సంక్రమించును. కావున రెండవ సంవత్సరమున మూడు, అయిదు, ఆఱు మడుల పైరును ఒకటి, రెండు, నాలుగు మడులలోనికి మార్చవలయును. పొలమున పైరు మార్చుట తెలిసిన వారికి ఇది విశేషము కాదు.

పందిరి, పాదులు

ఉత్తరపు పట్టీలో నాలుగేసి అడుగుల ఎడమున అయిదు పాదులు చేసి బీర, కాకర, సొర, చిక్కుడు గింజలును, దొండ తీగ ముక్కలును నాటవలయును. నాటు చిక్కుడు పగటి పొద్దు కుఱుచయైన పిమ్మట గాని పూయదు. ఆషాఢ శ్రావణములలో పెట్టినది సంక్రాంతికి కాచును. మధ్యలో పూత లేదని తీగను కోసివేయరాదు.

సొర, బీర పిందెలు వేలెడంత యై పండుబాఱి రాలిపోవుచున్నవని పలువురు మొఱపెట్టుదురు. మందు కొట్టవలసిన రోగము కాదది. ఈ పూవులు సాయంకాలము విచ్చును. పట్టణపు శివారులలో తేనెటీగలు, పురుగులు తక్కువ గనుక మగపూవు పుప్పొడి ఆడుపూవునకు చేరుట లేదు. సందెవేళ మగపూవును కోసి, ఱేకులు తీసి, పిందె గల పూవు నడుమ మెల్లగా రాచినచో కాయ నిలుచును. ఈ పని పిల్లలకు నేర్పుడు. వారు పెద్దలకంటె శ్రద్ధగా చేయుదురు.

ఎరువుకుప్ప ప్రక్కను ఒక మునగ, ఒక కరివేప యుండవలెను. పెరియకుళములో 1989లో విడుదలైన పి.కె.యం. 1 మునగ విత్తనమువలననే మొలచి ఆఱేడు నెలలలో కాయ నిచ్చును. మొక్క మూడడుగులైనప్పుడు కొన త్రుంచినచో కొమ్మలు వేసి ఆకు చేతికందును. మునగాకు కెరోటినుకు గని వంటిది. కొంచెము నూనెతో వండినగాని ఆ కెరోటిను దేహమున కంటదు. వండినదానిమీద నిమ్మరసము పిండినచో అందులోని ఇనుము చక్కగా ఒంటబట్టును.

పురుగులు

అమ్మెడి కూరకు కొట్టు మందులు ఇంటి కూరకు కొట్టరాదు. సెంటు తోటను దినమునకు పావుగంట కన్నులార చూచుటయే మొదటి మందు. వంగ కొన వడలి వ్రేలాడినచో లోపల పురుగున్నదని తెలిసికొని, వడలినచోటికి అంగుళము క్రిందుగా త్రుంచి కాల్చివేయవలెను. బెండ ఆకు ఈనెలు పసుపుపాఱినచో అది తెల్లదోమ వ్యాపింపజేయు శంఖురోగము. దానికి చికిత్స లేదు. మొక్కను వెంటనే పెఱికివేయవలయును. ఒక మొక్కపై జాలిపడి ఉంచి, మేము మడి అంతయు పోగొట్టుకొంటిమి. కాకర, బీరలలో ఈగ పొడిచి రాలిన కాయలను ఏరి లోతుగా పాతవలెను. పేనుబంక గుంపుగా నున్నప్పుడు నీటిధారతో కడిగిన చాలవఱకు పోవును.

వీనికి లొంగనప్పుడు వేపగింజల కషాయము. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు చొప్పున దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రియంతయు నానబెట్టి, ఉదయమున పిండి వడకట్టి, కొంచెము సబ్బు కలుపవలయును. అయిదు లీటర్లు సెంటునకు చాలును. ఎండలో గాక సాయంకాలము చల్లవలెను. ఏనాడు చేసినది ఆనాడే వాడవలెను.

విత్తనము, సంఘము

సంకరజాతి విత్తనపు పంటనుండి గింజ దాచిన తల్లిగుణము రాదు. గోంగూర, తోటకూర, చిక్కుడు, నాటు వంగ మున్నగు సూటిరకముల గింజను ఇంటనే నిలుపుకొనవచ్చును. మంచి మొక్కను ముందుగా గుర్తించి దారము కట్టి, దాని కాయను కోయక ముదురనిచ్చి, నీడన ఆరబెట్టి బూడిదతో సీసాలో ఉంచవలయును.

ఒక ఇంటికి కావలసిన వంగనారు పండ్రెండు మొక్కలు. అంగడిలో పొట్లములో వందలకొలది గింజలుండును. పదిమంది సభ్యులు కలిసి ఒక పొట్లము కొని, ఒకరు వంగనారు, ఒకరు టమోటా, ఒకరు మిరప పోసి పంచుకొనినచో ఎవ్వరికిని భారము కాదు. సహకారమనగా అప్పునకు జామీను పడుట మాత్రమే కాదు. నారుమడిని పంచుకొనుటయు సహకారమే. ఈ పనికి ముందుకు వచ్చు సభ్యులు తమ పేర్లను రోహిణి కార్తెలోపల సంఘ కార్యాలయమున వ్రాయించినచో నారు పంపకమును మేము చూచుకొందుము.

మొదలిడువారు ఆరు మడులను ఒక్కసారి తలకెత్తుకొనవద్దు. మొదటి మడి, మూడు భాగముల తోటకూర, దానితో ఒక మునగ. ఈ రెండును మూడు నెలలు తప్పక సాగినచో రెండవ మడి త్రవ్వుడు. మా తోటలో ఈనాటికి నాలుగు మడులే సాగుచున్నవి. ఆ తల్లిగారి పెరటిలో ఆరును సాగుచున్నవి. మొన్న మేము పోయినప్పుడు ఆమె నెలాఖరు దినమున మునగాకు పప్పుతో అన్నము పెట్టినది. పిల్ల సందెవేళ పందిరి క్రింద నిలిచి, సొరపూవును పూవునకు రాచుచుండెను.